మావాడిది కుడి మెదడంట, లెక్కలు రావంట!

ప్రశ్న: మాది కావలి అండీ. మా అబ్బాయికి టెన్త్ అయిపోయింది. వేలిముద్రలు తీసుకుని టెస్ట్ చేసినవాళ్ళు వీడిది కుడి మెదడు, ఎంపీసీ దండగ, బొమ్మల కోర్సులో చేర్చండి అన్నారు, మూడు వేలు కూడా తీసుకున్నారు. అప్పట్నుంచి వాడు లెక్కల పుస్తకం ముట్టుకోవడం లేదు. ఆలోచన నిజంగా కుడి ఎడమలుగా ఉంటదా?

జవాబు: అమ్మా, ముందు ఆ రిపోర్టు పక్కన పడేయండి, వేలిముద్రలు చూసి మెదడు ఎట్లా పనిచేస్తుందో చెప్పడానికి సైన్సులో ఆధారమే లేదు. మీ అబ్బాయిని అంత మాట అన్నందుకు నాకు చాలా బాధగా ఉంది.

అయితే కుడి ఎడమ తేడా అనేది ఉత్త కల్పన కాదు. నుదుటి వెనకుండే ఫ్రంటల్ లోబ్‌లో ఆ తేడా బాగా కనిపిస్తుంది. 1861లో ప్యారిస్‌లో బ్రోకా అనే డాక్టరు, "టాన్" అనే మాట తప్ప ఇంకేం పలకలేని ఒక పేషెంటు చనిపోయాక మెదడు చూస్తే ఎడమ ఫ్రంటల్ లోబ్ దెబ్బతిని ఉంది. ఇప్పటికీ డాక్టర్లు చేయించే ఒక టెస్టు ఉంది, ఒక అక్షరం ఇచ్చి నిమిషంలో దాంతో మొదలయ్యే మాటలు చెప్పమంటారు, మనమైతే 'క' అనగానే కారం, కడవ, కత్తి, కంచం అని గడగడా చెప్పేస్తాం గదా, ఎడమ ఫ్రంటల్ దెబ్బతిన్నవాళ్ళకి అక్కడే ఆగిపోతుంది. మాటల బదులు అర్థంలేని కొత్త కొత్త గీతల బొమ్మలు వేస్తా పొమ్మంటే? 1977లో మాంట్రియల్‌లో జోన్స్ గోట్‌మన్, మిల్నర్ అనే ఇద్దరు అదే చేయించారు, అందులో కుడి ఫ్రంటల్ దెబ్బతిన్నవాళ్ళు బాగా వెనకబడ్డారు. చెయ్యబోయే పనిని టక్కున ఆపుకోవడంలో కూడా కుడివైపుకి పెద్ద పాత్రే ఉంది.

కానీ చూడండి, ఇదంతా ఏ పనికి ఏ వైపు ఎక్కువ సాయం అనేదే గానీ, ఏ మనిషిది ఏ మెదడు అనేది కాదు. రెండు వైపుల్నీ కలుపుతా సుమారు 20 కోట్ల నరాల పోగులుండాయి, క్షణం ఊరుకోవు. 2013లో అమెరికాలో యూటా యూనివర్సిటీ వాళ్ళు వెయ్యి మందికి పైగా మెదడు స్కాన్లు చూస్తే, మొత్తంగా ఎడమ మెదడు మనిషి, కుడి మెదడు మనిషి అని ఎవరూ తేలలేదు. పైగా ఫ్రంటల్ లోబ్ పాతికేళ్ళ దాకా ఎదుగుతానే ఉంటుంది, మీవాడికింకా పదిహేనో పదహారో.

లెక్కకి రెండు వైపులూ కావాలమ్మా. వాడికి బొమ్మలంటే ఇష్టమైతే జామెట్రీతో మొదలుపెట్టించండి, ఏ మెట్టు దగ్గర ఆగిపోతున్నాడో పక్కన కూర్చుని చూడండి. ఎంపీసీయా ఇంకోటా అన్నది మాత్రం వాణ్ణే అడగండి.