మేనేజర్ మాటకు "కుదరదు" అన్న అమ్మాయి సారీ చెప్పాలా?

ప్రశ్న: మాది ఒంగోలు. విద్యుత్ శాఖలో లైన్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ టెస్టింగ్ టీమ్‌లో చేరి పది నెలలైంది. పోయిన నెల క్లయింట్‌తో కాల్ జరుగుతుండగా వాళ్ల మేనేజర్ "శుక్రవారం రిలీజ్ ఖాయం" అన్నాడట. మా అమ్మాయి వెంటనే "కుదరదు సార్, కొందరికి రిఫండ్ రెండుసార్లు పడుతోంది, పొద్దున్నే చూశాను" అనేసింది. రిలీజ్ వాయిదా పడింది. తర్వాత మేనేజర్ విడిగా పిలిచి "నువ్వు టీమ్ ప్లేయర్‌వి కాదు" అన్నాడట. అప్రైజల్ దగ్గరపడింది, మాకు టెన్షన్‌గా ఉంది. సారీ చెప్పి, ఇకమీదట మీటింగుల్లో నోరెత్తకుండా ఉండమంటే వినడం లేదు. మీరైనా నచ్చజెప్పండి.

జవాబు: నచ్చజెప్పమన్నారు కానీ, అందులో సగం మీకే చెప్పాల్సి వస్తోంది. ఏమనుకోకండి.

మీ ఉద్యోగంలోంచే ఒక మాట అడుగుతాను. ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే కరెంటు లైన్) మీద పని పడింది. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారు తొందరలో ఉన్నారు. "రెండు నిమిషాల పనే, ఎక్కేయ్" అన్నారు. కొత్తగా చేరిన జూనియర్ లైన్‌మన్ స్తంభం కింద నిలబడి, "సార్, సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ రాలేదు, ఎర్త్ రాడ్లు కూడా వేయలేదు" అన్నాడు. అంటే లైన్‌లో కరెంటు ఆపామన్న అనుమతీ (లైన్ క్లియర్) రాలేదు, పొరపాటున కరెంటు వస్తే నేలలోకి పంపే ఏర్పాటూ లేదు. ఆ కుర్రాడు పెద్దవాళ్లకు ఎదురు మాట్లాడాడని మీరు రిపోర్టు రాస్తారా? భుజం తడతారు. మీ అమ్మాయి చేసిన పని కూడా అలాంటిదే. అక్కడ కరెంటు, ఇక్కడ జనం డబ్బు. ఒక్కసారి రిలీజై రిఫండ్లు రెండేసి పడటం మొదలైతే, ఆ డబ్బు కస్టమర్ల దగ్గర నుంచి వెనక్కి రాబట్టడం ఎంత తలనొప్పో ఆ మేనేజర్‌కు మీకన్నా, నాకన్నా బాగా తెలుసు.

పై వాళ్లకు గట్టిగా చెప్పడం ఎంత అవసరమో విమానాల వాళ్లు ప్రాణాలు పోగొట్టుకుని నేర్చుకున్నారు. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫ్ దీవిలో దట్టంగా పొగమంచు పట్టింది. నెదర్లాండ్స్ విమాన సంస్థ కేఎల్ఎం జంబో జెట్ ఒకటి టేకాఫ్‌కు సిద్ధంగా ఉంది. అదే రన్‌వే మీద అమెరికా సంస్థ పాన్ యామ్ జంబో ఇంకా పక్కకు తప్పుకోలేదు. కేఎల్ఎం కెప్టెన్ ఆ సంస్థలో జంబో పైలట్ల శిక్షణకు పెద్ద. కంపెనీ ప్రకటనల్లో ఆయన ఫొటో వేసేవాళ్లు. పక్క సీట్లో ఉన్న కో-పైలట్‌ను ఆ విమానానికి పరీక్షించి పాస్ చేసిందీ ఆయనే. కెప్టెన్ మొదట బయల్దేరబోతే "మనకింకా క్లియరెన్స్ రాలేదు" అని కో-పైలట్ ఆపాడు. "తెలుసు, అడుగు" అన్నాడాయన. కాసేపటికి కెప్టెన్ మళ్లీ విమానాన్ని టేకాఫ్‌కు కదిలించాడు. ఈసారి కో-పైలట్ అడ్డు చెప్పలేదు. వెనక కూర్చున్న ఫ్లైట్ ఇంజనీర్‌కు రేడియోలో విన్నదాని మీద అనుమానం వచ్చి, "ఆ పాన్ యామ్ ఇంకా తప్పుకోలేదా?" అన్నాడు. "తప్పుకుంది" అని కెప్టెన్ ఖాయంగా చెప్పేసరికి అక్కడితో ఊరుకున్నాడు. 583 మంది చనిపోయారు.

మంచు, రేడియోలో ఒకరి మాట మీద ఒకరి మాట పడటం, ఇంకా చాలా కారణాలున్నాయి ఆ ప్రమాదానికి. నన్ను పట్టుకున్నది మాత్రం ఆ ఫ్లైట్ ఇంజనీర్ మాట. "ఆపండి" అనాల్సిన చోట ఆయన "తప్పుకోలేదా?" అని అడిగాడు, అదీ ఒక్కసారే. మరుసటి ఏడాది అమెరికాలోని పోర్ట్‌లాండ్ దగ్గర యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానం ఒకటి గాల్లో ఇంధనం అయిపోయి కూలింది. అక్కడా ఇంధనం తగ్గుతోందని కాక్‌పిట్‌లో మాట వచ్చింది కానీ, కెప్టెన్ చెవికెక్కేలా ఎవరూ చెప్పలేదు. 1981లో యునైటెడ్ వాళ్లు పైలట్లకు దీని మీదే ప్రత్యేకంగా శిక్షణ మొదలుపెట్టారు. ఇప్పుడు దాన్ని క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ అంటారు. కింది వాళ్లకు చెప్పడం నేర్పుతారు, కెప్టెన్లకు వినడం నేర్పుతారు. రెండోదే కష్టమని నా అనుమానం.

మరి మీ అమ్మాయి తప్పేమీ లేదా అంటే, ఉంది. లోపం పొద్దున్నే చూసింది కదా, కాల్ మొదలయ్యేలోపు మేనేజర్‌కు చాట్‌లో రెండు ముక్కలు పెట్టాల్సింది. క్లయింట్ ఎదుట మొదటిసారి వినడం ఎవరికైనా మొహం మీద కొట్టినట్టే ఉంటుంది. అందుకని ఒక చిన్న సారీ ఆమె బాకీ ఉంది. "మీకు ముందు చెప్పకుండా కాల్‌లో అన్నందుకు సారీ సార్" అంటే చాలు. ఆ లోపాన్ని బయటపెట్టినందుకు మాత్రం చెప్పకూడదు. ఈ రెండింటినీ కలిపేసి "తప్పయిపోయింది సార్, ఇంకెప్పుడూ మాట్లాడను" అందంటే, తర్వాత ఆమె చూసిన లోపాలేవీ బయటికి రావు. మేనేజర్‌కు కూడా అది మంచిది కాదు.

ఎలా చెప్పాలన్నది అలవాటు చేసుకోవచ్చు. విమాన శిక్షణలో నేర్పే పద్ధతి ఇంచుమించు ఇలా ఉంటుంది: మనిషిని పిలవాలి, భయం చెప్పాలి, కళ్లతో చూసింది చెప్పాలి, దారి చూపాలి, చివర్లో ఏమంటారని అడగాలి. ఆమె విషయంలో అయితే, "సార్, ఒక్క నిమిషం. శుక్రవారం రిలీజ్ గురించి నాకు భయంగా ఉంది. నెట్ పోయి మళ్లీ వచ్చినప్పుడు బటన్ రెండోసారి నొక్కితే, ఇరవై ఆర్డర్లలో మూడింటికి డబుల్ రిఫండ్ పడింది. రిఫండ్ భాగం ఒక్కటి ఆపి మిగతాది ఇచ్చేయొచ్చు. ఏమంటారు?" (అంకెలు నేను ఊహించినవే, ఆమె దగ్గర అసలువి ఉంటాయి.) ఉత్త "కుదరదు" అంటే మేనేజర్‌కు గోడ కనిపిస్తుంది. ఇలా చెబితే కనీసం తలుపు ఎటుందో కనిపిస్తుంది.

అన్నీ చెప్పాక కూడా మేనేజర్ వద్దంటే? అమెజాన్ తన నాయకత్వ సూత్రాల్లో దీనికి ఒక మాట పెట్టుకుంది: కాదనిపిస్తే వెన్నెముకతో కాదను, నిర్ణయమయ్యాక పూర్తి మనసుతో చెయ్యి. అప్పటి అమెజాన్ సీఈఓ జెఫ్ బెజోస్ 2016 సంవత్సరపు వాటాదారుల లేఖలో తన సంగతే రాశాడు. అమెజాన్ స్టూడియోస్ తీయబోయే ఒక కార్యక్రమం విషయంలో ఆయనకు నమ్మకం లేదు, టీమ్‌కు ఉంది. తన అభిప్రాయం చెప్పి, సరే కానివ్వండి అన్నాడు. బాసే కింది వాళ్లకు తలొగ్గాడు, గమనించారా? ఈ సూత్రానికి హద్దు కూడా ఉంది. సభాపర్వంలో వికర్ణుడు గుర్తున్నాడు కదా. పెద్దలు సూటిగా జవాబు చెప్పని సభలో ద్రౌపది తరఫున మాట్లాడాడు, చిన్నవాడివి నీకేం తెలుసని కర్ణుడు కసిరాడు. తర్వాత యుద్ధంలో అన్న దుర్యోధనుడి పక్షానే నిలబడి భీముడి చేతిలో చచ్చాడు. బటన్ రంగు మీద, డిజైన్ మీద విభేదించి సర్దుకుపోవచ్చు. జనం డబ్బు, ప్రాణం, చట్టం విషయాల్లో సర్దుకుపోకూడదు. మీటింగ్ అయ్యాక "ఈ లోపం గురించి ఈరోజు చెప్పాను, నిర్ణయం ఇదీ" అని నాలుగు లైన్ల మెయిల్ పెట్టాలి. అందులో కోపం, వెటకారం కనబడకూడదు.

మీ భయం నాకు అర్థం కాలేదనుకోకండి. "టీమ్ ప్లేయర్‌వి కాదు" అన్న ఒక్క మాట రేటింగ్‌లో ఒక మెట్టు తగ్గించగలదు. కాదన్న వాళ్లను గుర్తుపెట్టుకుని తొక్కే మేనేజర్లు ఉన్నారు. ఈయన అలాంటివాడా, ఆరోజు మొహం చెల్లక అన్నాడా అన్నది ఇంకో రెండు మూడు సందర్భాల్లో తేలుతుంది. విడిగా, ముందుగా, మర్యాదగా చెప్పినా ఇదే వరస అయితే లోపలే ఇంకో ప్రాజెక్టు అడగమనండి.

అప్పుడు ఈ కథే పనికొస్తుంది. మాక్ ఇంటర్వ్యూల్లో నేను పిల్లల్ని "మీ పైవాళ్లతో విభేదించిన సందర్భం చెప్పండి" అని అడుగుతుంటాను. పెద్ద కంపెనీలు అడిగే ప్రశ్నే. పదిమందిలో ఎనిమిది మంది "నాకు ఎవరితోనూ గొడవల్లేవు సార్" అని నవ్వి ఊరుకుంటారు, అదే మంచి జవాబు అనుకుని. మీ అమ్మాయి దగ్గర తేదీతో సహా నిజమైన జవాబు ఉంది.

అందుకే అప్రైజల్ ఫారంలో తన గురించి తాను రాసుకునే గడి ఖాళీగా వదలొద్దని చెప్పండి. ఏ లోపం, ఏ రోజు పట్టుకుంది, ఎన్ని ఆర్డర్లలో కనిపించింది, సరిచేయడానికి ఎన్ని రోజులు పట్టింది, ముందు చెప్పకపోవడం తన పొరపాటు, ఇప్పుడు ఎలా చెబుతోంది. ఐదారు లైన్లు చాలు. మేనేజర్ తన మాట రాయకముందే ఇది అక్కడ ఉండాలి. ఫారం గడువు ఎప్పుడో ఈరోజే కనుక్కోమనండి.