గోదావరి 43 అడుగులకు వస్తే ఇల్లు ఖాళీ చేయాలా?

భద్రాచలం దగ్గర పల్లెకి కొత్తగా వచ్చాం, మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తే వెంటనే ఇల్లు ఖాళీ చేయాలా అని అడిగారు. అక్కర్లేదండీ. కానీ ఆ రోజే మీ ఊరి దారి సంగతి చూసుకోవాలి.

భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మేమూ ఈ అంకెలే చూసేవాళ్లం. 2022 జులైలో ఆటోకి మైకు కట్టుకొచ్చి "వరద పెరుగుతోంది, లోతట్టు వాళ్లు పునరావాస కేంద్రానికి రండి" అని చెప్పి వెళ్లారు. మా ఇల్లు మెరక మీద ఉంది. 1986లో 75.6 అడుగులు వచ్చినప్పుడే నీళ్లు గడప తాకలేదని అమ్మ ధీమా. పొద్దున చూద్దాంలే అనుకున్నాం.

తెల్లారేసరికి ఇంట్లోకి చుక్క రాలేదు గానీ, మెయిన్ రోడ్డుకు పోయే దారిలో కల్వర్టు మునిగిపోయింది. గోదావరి ఎగపోటుకి వాగు నీళ్లు కలిసే దారి లేక వెనక్కి తన్నాయి. ఆ తర్వాత నది 71.3 అడుగుల దాకా పోయింది. అమ్మకి ఇన్సులిన్ రెండు రోజులకే ఉంది. కరెంటు లేదు, ఫోన్లు కలవవు. మూడో రోజు పడవ వచ్చేదాకా పడిన టెన్షన్ ఎవరికీ వద్దు.

మైకులో చెప్పింది నిజమే. కానీ "ఈ రాత్రికి మీ కల్వర్టు మునుగుతుంది" అని ఒక్క మాట అని ఉంటే కదిలేవాళ్లం. అది ఎన్ని అడుగులకు మునుగుతుందో మా ఊళ్లో చేపలు పట్టేవాళ్లకి ముందే తెలుసు. మేం అడగలేదు.

మీరు అడగండి, రాసి పెట్టుకోండి. మా కల్వర్టు 50 దగ్గర మునుగుతుంది, కాబట్టి 46 దాటగానే అమ్మనీ గేదెల్నీ తరలిస్తున్నాను. ఎంత ఉందన్న దానికంటే గంటకి ఎంత పెరుగుతోందో చూడండి. ఇక్కడ ఎండ కాస్తోందని నమ్మొద్దు, మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్‌లలో కురిసిన వాన ప్రాణహిత, ఇంద్రావతి మీదుగా తర్వాత వస్తుంది.

ఇప్పుడు మా వీధిలో ఇంటింటికీ నేనే వెళ్లి చెబుతాను. వరద వస్తోంది అనను. "రేపు పొద్దున పాల ఆటో రాదు పిన్నీ, సాయంత్రంలోగా బయల్దేరండి, మందులు మర్చిపోవద్దు" అంటాను. అలా చెబితే లేచి మూట కడుతున్నారు.