చదువుకున్నవాళ్లు కూడా దేవుణ్ణి ఎందుకు నమ్ముతారు?

భయం వల్ల అని చాలామంది ఒక్క మాటలో తేల్చేస్తారు. అది సగమే నిజం.

మన చేతిలో లేనిది పెరిగేకొద్దీ మొక్కులూ పెరుగుతాయి. దాదాపు వందేళ్ల కిందట పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉండి పరిశోధించిన మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ చెప్పింది ఇదే: తీరం లోపలి మడుగులో చేపలు పట్టడానికి అక్కడివాళ్లు మంత్రాల జోలికే పోరు, అదే నడిసముద్రానికి వెళ్లాలంటే పెద్ద తంతు. మన డెల్టాలో రొయ్యల రైతునే చూడండి, ఏరియేటర్లు, ల్యాబ్ టెస్టులు అన్నీ ఉంటాయి, అయినా వైట్ స్పాట్ అనే వైరస్ తెగులు తగిలితే రోజుల్లోనే చెరువు తుడిచిపెట్టుకుపోతుంది, ఆ టెన్షన్‌కి మందు ఏ షాపులోనూ దొరకదు కాబట్టి చెరువులో సీడ్ (రొయ్య పిల్లల్ని) వదిలేముందు కొబ్బరికాయ కొడతాడు.

మిగతా సగం ఊరు. కనుమనాడు కోనసీమలో జగ్గన్నతోట తీర్థానికి ప్రభల్ని (దేవుడి పేరున వెదురుతో ఎత్తుగా కట్టి అలంకరించినవి) భుజాన మోస్తూ, కౌశిక అనే కాలువ నీళ్లలో పీకల్లోతు దిగి దాటించే కుర్రాళ్లలో రోజూ దీపం పెట్టేవాళ్లు ఎంతమంది ఉంటారు చెప్పండి? దారిలో పచ్చటి వరిచేను తొక్కుకుంటూ పోయినా రైతు పల్లెత్తు మాట అనడు (మామూలు రోజుల్లో గట్టు మీద గేదె వచ్చినా గొడవే). దేవుడు ఉన్నాడా లేడా అని అక్కడ ఎవరూ తర్కించరు, మా ఊరి ప్రభ వెనకబడకూడదు, అంతే.