ఉద్దెర పుస్తకం అడుగు

హన్మకొండ

బిడ్డా,

వరంగల్ స్టేషన్ రోడ్డు పక్క సందులోని కిరాణా దుకాణం గురించి నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. ఇత్తడి తరాజు గురించి రాసిన నాలుగు వాక్యాలూ బాగా కుదిరాయి. మొదటి పేరాలో "నూటముప్పై అయిదేళ్ల దుకాణం" అన్నావు చూడు, అక్కడ మాత్రం ఆగిపోయాను.

నువ్వు పంపిన ఫొటోలో కిరాయి కాగితం ఉర్దూలో ఉంది. దాని మీది సాలు 1300 అని చదివి, ఫసలీ (నిజాం సర్కారు లెక్కల సంవత్సరం) కాబట్టి 590 కలిపి 1890 అని తేల్చావు. కలపడం తెలిసినందుకు సంతోషం. అంకె దగ్గరే పొరబడ్డావు. ఉర్దూలో అయిదు మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది, వాళ్ల సున్నా ఉత్త చుక్క. అది 1355. అంటే 1945-46. ఒక్క దెబ్బకు యాభై అయిదేళ్లు పోయాయి!

టెన్షన్ పడకు, నేను ఇంతకంటే అధ్వాన్నంగా పడ్డాను. నీ వయసులో ఒక బట్టల దుకాణం కథ రాశాను. కాగితం మీద 1345 ఉంది. హిజ్రీ (ముస్లింల చాంద్రమాన సంవత్సరం) అనుకుని 1926 అని లెక్కగట్టి, వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు రాకముందు నుంచీ ఉన్న దుకాణమని గొప్పగా అచ్చేయించుకున్నాను. ఆ పక్కనే ఖుర్దాద్ అని నెల పేరు ఉంది, పట్టించుకోలేదు. మొహర్రం, రంజాన్ లాంటివి ఉంటే హిజ్రీ. ఖుర్దాద్, తీర్, బహమన్ కనిపిస్తే ఫసలీ. ఒక ముసలి గుమాస్తా అది చదివి నవ్వాడు. "మిల్లు జీతాలను చూసే ఆ దుకాణం పెట్టిండ్రు సారూ" అన్నాడు. మిల్లు 1934లో మొదలైంది, దుకాణం 1936 ఎండాకాలంలో. నేను తారీఖు ఒక్కటే తప్పు రాశాననుకున్నాను. దుకాణం ఎందుకు పుట్టిందో అదీ తప్పే రాశాను.

నీ వ్యాసమంతా సేటు చెప్పిన మాటల మీదే నడిచింది. తాత చేతిలో చెంబు పట్టుకుని వచ్చాడట, నిజాయితీతో పైకొచ్చాడట. ఏ దుకాణానికి పోయినా ఆ చెంబు ఉంటుంది. ఈసారి ఉద్దెర పుస్తకం అడుగు. పొడుగాటి, ఎర్రగుడ్డ అట్ట పుస్తకాలు అటక మీద మూట కట్టి ఉంటాయి. పారేశామంటారు. అవ్వను అడిగితే దొరుకుతాయి.

నేను చూసిన ఒక పుస్తకంలో పైన పసుపు బొట్టు, దాని కింద శ్రీ. ఇంటిపేర్లు లేవు. ఉర్సు బండాయన, రంగశాయిపేట కుండల అవ్వ, మిల్లు రెండో పాళీ పొడుగాయన, ఇలా ఉన్నాయి ఖాతాలు. తీరిన ఖాతా మీద అడ్డంగా గీత, పక్కన "చెల్లు". కుండల అవ్వ ఖాతాలో పావుసేరు నూనె, బెల్లం, మళ్లీ బెల్లం. తర్వాత ఏమీ లేదు. గీతా లేదు, చెల్లూ లేదు. ఆ పేజీ ముందు నేను చాలాసేపు కూర్చున్నాను.

తారీఖు లేని పేజీలు ఎదురైతే డబ్బును చూడు. పాత పద్దుల్లో రూపాయి అంటే హాలీనా (నిజాం రూపాయి), కల్దారా (బ్రిటిష్ ఇండియా రూపాయి) అని అడగాలి. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. ఆ తేడా తెలియకుండా ధరలు పోల్చావో, లెక్క మొత్తం పాడవుతుంది. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చాయి. అణాల పక్కనే పైసలు రాసి, కొట్టేసి, మళ్లీ అణాలు రాసిన పేజీ కనబడితే దాదాపు ఆ రోజుల్లో ఉన్నట్టే.

అప్పుల పేర్లు మాత్రం అచ్చులో వేయకు. మనవలు ఆ సందులోనే తిరుగుతుంటారు.

సాయంత్రం గిరాకీ వేళ పోకు. మధ్యాహ్నం రెండు దాటాక పోయి, ముందు ఏదైనా కొని, తర్వాత మాట కలుపు. ఎదుటి వరుసలో అదే పేరుతో ఇంకో బోర్డు ఉందన్నావు కదా. అన్నదమ్ముల పంపకాల మాట సేటు ఎత్తడు. ఆ దుకాణంలోనూ ఒక పావుకిలో చక్కెర కొను. లోపలి గదిలో కూర్చుని పొట్లాలు కట్టిన అవ్వ ఎవరి వాటాకు వెళ్లిందో అక్కడే తెలుస్తుంది. బోర్డు మీద ఆమె పేరు ఎలాగూ ఉండదు.

ఆదివారం మధ్యాహ్నం ఇంట్లోనే ఉంటాను. ఆ కిరాయి కాగితం వెనకవైపు కూడా ఫొటో తీసుకురా. సాక్షుల సంతకాల దగ్గర సిరా ఇవతలికి ఊరి కనబడుతోంది. తెలుగులో ఏదో రాసి ఉన్నట్టుంది.

ఆశీస్సులతో,
మీ సారు