‘టచ్ ఆఫ్ ఈవిల్’ బ్లూ-రేలో ఉన్న 1998 వెర్షన్ ఆర్సన్ వెల్స్ డైరెక్టర్స్ కట్టేనా?

కాదు. డైరెక్టర్స్ కట్ అంటే దర్శకుడు తానే ఖరారు చేసిన వెర్షన్. 1958లో వచ్చిన ఈ హాలీవుడ్ సినిమాకు దర్శకుడు వెల్సే అయినా, 1998 వెర్షన్ ఆయన ఎడిట్ చేసింది కాదు. ఆయన 1985లోనే చనిపోయారు. 1957లో యూనివర్సల్ స్టూడియో ఆయన్ని పక్కనపెట్టి సినిమాను మార్చింది. అది చూసి, ఏమేం సరిచేయాలో వెల్స్ 58 పేజీల మెమో రాశారు. స్టూడియో చాలావరకు పట్టించుకోలేదు. ఆ మెమో ప్రకారం, ఉన్న ఫుటేజీతోనే ఎడిటర్ వాల్టర్ మర్చ్ 1998లో సినిమాను మళ్లీ కూర్చారు.

మొదటి షాటే చూడండి. కారు డిక్కీలో బాంబు పెట్టాక మూడు నిమిషాలకు పైగా కట్ ఉండదు. 1958 ప్రింటులో దాని మీద టైటిల్స్, హెన్రీ మాన్సినీ సంగీతం నడుస్తాయి. 1998లో రెండూ తీసేసి, క్లబ్బుల్లోంచీ కారు రేడియోలోంచీ వచ్చే పాటలే వినిపించారు. టెన్షన్ ఇందులోనే ఎక్కువ.

పోయిన ఒరిజినల్ దొరికిందని చాలామంది అనుకుంటారు. వెల్స్ ఖరారు చేసిన కట్ అసలు లేదు. అందుకే బ్లూ-రేలో 1958లో థియేటర్లలో విడుదలైనదీ, విడుదలకు ముందు ప్రివ్యూగా చూపిందీ, 1998దీ మూడూ ఇచ్చారు.