‘సాయం’ అన్న మాట కొట్టెయ్

అమ్మాయీ,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. అమెరికాలో అయోవా రాష్ట్రంలో ఉంటూ, మనవాళ్ల పార్టీలూ గ్రీన్ కార్డు టెన్షనూ పక్కనపెట్టి, పక్క ఊరి రైతు ఇంటి గురించి రాయాలనిపించింది చూడు, అది నాకు ఎంతో నచ్చింది.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. కథలో ‘సాయం’ అన్న మాట ఏడుసార్లు వచ్చింది. ఆ రైతు భార్య కోతల్లో భర్తకు సాయం చేస్తుంది. దూడలకు పాలు పట్టడంలో సాయం చేస్తుంది. లెక్కల్లో సాయం చేస్తుంది. అంటే పొలం ఆయనది, పని ఆయనది, ఆవిడ పక్కన నిలబడి అందించే మనిషి. నువ్వు కావాలని అలా రాయలేదని తెలుసు. ఆవిడే నీతో అలా చెప్పి ఉంటుంది. నాతోనూ ఒకావిడ అలాగే చెప్పింది.

మేం అయోవాలోనే ఏమ్స్ పట్టణం‌లో ఉన్న రోజుల్లో ఊరి బయట ఒక రైతు ఇంట్లో గుడ్లు కొనేవాళ్లం. ఒక అక్టోబరులో ఆ ఇల్లాలు నన్ను ట్రాక్టర్‌లో పక్క సీట్లో కూర్చోబెట్టుకుంది. వెనక గ్రెయిన్ కార్ట్, అంటే గింజలు నింపే పెద్ద తొట్టి బండి, తగిలించి ఉంది. కంబైన్ అనే కోత యంత్రం ఆగకుండా మొక్కజొన్న కోసుకుంటూ పోతుంటే, ఆవిడ కార్ట్‌ను సరిగ్గా దాని గొట్టం కిందికి తెచ్చి, అదే వేగంతో, అంతే ఎడంతో పక్కనే నడపాలి. గింజలు ధారగా పడుతుంటాయి. కాస్త వెనకబడితే పంట నేలపాలు. కాస్త దగ్గరికి జరిగితే లక్షల డాలర్ల యంత్రాలు రెండూ రాసుకుంటాయి. కార్ట్ నిండగానే గట్టున ఉన్న లారీలోకి పోసి, మళ్లీ కంబైన్ వెంట పడాలి. మధ్యలో భర్తకూ కొడుక్కూ చేలోకే భోజనం తెచ్చింది. (వాళ్లకు మధ్యాహ్నం తినేది డిన్నర్, రాత్రి తినేది సప్పర్. నీ కథలో తారుమారైంది, సరిచెయ్యి.) వారానికి నాలుగు రోజులు టౌన్లో క్లినిక్‌లో ఉద్యోగం. ఇంటిల్లిపాది హెల్త్ ఇన్సూరెన్స్ ఆ ఉద్యోగం మీదే నడిచేది. అంత చూశాక “పొలంలో మీ పనేంటి?” అని అడిగితే, “ఏముంది, కాస్త సాయం చేస్తుంటాను” అంది.

ఆవిడ అనుకోవచ్చు. రాసేవాళ్లం మనం అనకూడదు. ఎందుకంటే అక్కడి చట్టం ఆ మాటను అక్షరాలా నమ్మింది. చాలాకాలం పాటు, ఇద్దరి పేర్లా ఉన్న పొలమైనా సరే, భర్త చనిపోతే ఫెడరల్ ఎస్టేట్ పన్ను (పోయినవాళ్ల ఆస్తి మీద కేంద్రం వేసే పన్ను) లెక్కలో అదంతా ఆయన సంపాదించిందే. నా డబ్బు కూడా ఇందులో ఉందని భార్య కాగితాలతో రుజువు చేసుకోవాలి. నలభై ఏళ్లు కోళ్లు పెంచాను, పశువులను చూశాను, లెక్కలు రాశాను అంటే చెల్లదు. పొలం నిలుపుకోవడానికి పన్ను కట్టడమెలా అని ఎందరో ఆడవాళ్లు తల పట్టుకున్నారు. దీన్ని విధవ పన్ను అని పిలిచి, రైతు ఇళ్ల ఆడవాళ్లే దాని మీద పోరాడారు. 1981లో చట్టం మారి, భార్యాభర్తల మధ్య ఆ పన్ను పోయింది.

జనాభా లెక్కల్లాగే అక్కడ వ్యవసాయ లెక్కలు కూడా తీస్తారు. సాగు చేసేది ఆడా మగా అన్న ప్రశ్న అందులో మొదటిసారి వచ్చింది 1978లో. ఒక పొలానికి ఒకే సాగుదారు అన్న పద్ధతి 2002 దాకా పోలేదు. 2017లో ప్రశ్నలు ఇంకా విడమర్చి అడిగేసరికి, దేశం మొత్తం సాగుదారుల్లో 36 శాతం ఆడవాళ్లే అని తేలింది. వాళ్లంతా ఆ ఏడాదే పొలంలో దిగలేదు కదా.

మా అమ్మ గుర్తొస్తుంది నాకు. తెల్లవారుజామున గేదెల పాలు పితికి కేంద్రానికి పోసేది. మా ఫీజులు ఆ పాల డబ్బులే. పాస్‌బుక్ నాన్న పేరున ఉండేది. అయోవాలోనూ ఒకప్పుడు ఇంతే. గుడ్లూ మీగడా అమ్మి ఇల్లాలు కిరాణా సరుకులు తెచ్చేది, దాణా సంచుల పూలగుడ్డతో పిల్లలకు గౌన్లు కుట్టేది. కానీ జాగ్రత్త, నీ కథలో ఆవిడను మా అమ్మలాగా, మీ అమ్మమ్మలాగా మార్చెయ్యకు. మనకు అరుగు ఉంది, చావిడి ఉంది, నాట్లకు పదిమంది కూలీలు పాడుకుంటూ వస్తారు. ఆవిడకు మైలు మైలుకు ఒక రోడ్డు, ఎక్కడో దూరంగా ఇంకో ఇంటి దీపం. వందల ఎకరాలు ఇంట్లోవాళ్లే యంత్రాలతో చేసుకోవాలి. ఆ ఒంటరితనం వేరు. దాన్ని మన ఒంటరితనంలా రాస్తే అబద్ధమవుతుంది. ఇంకొకటి, ఎన్ని ఎకరాలున్నాయని ఆవిడను అడగకు. బ్యాంకులో ఎంత ఉందని అడిగినట్టే.

అప్పుల భాగం నాకు తృప్తినివ్వలేదు. 1980ల వ్యవసాయ సంక్షోభాన్ని తీసుకున్నావు, మంచిదే. వడ్డీలు ఆకాశానికి వెళ్లాయి. 1981 నుంచి 1986 లోపు అయోవా భూమి ధర అరవై శాతం పైగా పడిపోయింది. అప్పు అలాగే ఉంది, దానికి ఆసరాగా పెట్టిన భూమే కరిగిపోయింది. నీ కథలో ఈ దుఃఖమంతా భర్తదే. ఆయన వరండాలో మౌనంగా కూర్చుంటాడు, ఆవిడ కాఫీ ఇస్తుంది. కానీ ఆ ఇంట్లో చెక్కులు రాసేది ఆవిడేనని నువ్వే మూడో పేజీలో రాశావు! అలాంటప్పుడు పొలం మునుగుతోందని ముందు తెలిసేది ఎవరికి? వంటగది బల్ల మీద లెక్క కూడి, మళ్లీ కూడి, ఆ సంగతి ఆయనకు ఇవాళ చెప్పాలా, కోతలయ్యాక చెప్పాలా అని ఆలోచించిన మనిషి ఆవిడ. నీ కథ అక్కడుంది.

కోడలి పాత్రను కూడా రెండు వాక్యాలతో వదిలేశావు. అత్తగారు కట్టుకున్న ‘హోమ్ ప్లేస్’లోకి, అంటే పొలంలోని అసలు ఇంట్లోకి, కోడలు ఎప్పుడు వస్తుంది, పొలం చూసుకునే కొడుక్కూ సిటీలో ఉద్యోగం చేసే కూతురికీ భూమి ఎలా పంచాలి, ఈ గొడవలు ఆ ఇళ్లలో ఏళ్ల తరబడి నలుగుతాయి. మన పాఠకులకు వేరే వివరణ అక్కర్లేదు.

నేను కూడా అప్పట్లో ఒక కథ రాశాను. అందులో ఒక రైతు భార్య కిటికీ దగ్గర నిలబడి మొక్కజొన్న చేను చూస్తూ ఏడుస్తుంది. గుడ్లావిడకు ఆ కథ చెప్పాను. విని, “ఆ టైములో పొయ్యి మీద ఏముంది?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ కథను నేను ఏ సంపుటిలోనూ వేసుకోలేదు.

అయోవా సిటీలో యూనివర్సిటీ లైబ్రరీలో 1992 నుంచి అయోవా విమెన్స్ ఆర్కైవ్స్ నడుస్తోంది. పల్లెటూరి ఆడవాళ్ల డైరీలూ ఉత్తరాలూ దాచారు. ఒక వారం సెలవు పెట్టుకుని వెళ్లు. పెద్ద పెద్ద భావాల కోసం వెతక్కు. ఏ రోజు ఏ పని చేశారో రాసుకో.

ఆ తర్వాత అక్టోబరులో మీ పక్క ఊరి ఆవిడను ట్రాక్టర్లో చోటు అడుగు. నోట్‌బుక్ తీసుకెళ్లకు. పులిహోర తీసుకెళ్లు, చేలో తినడానికి బాగుంటుంది, మిరపకాయలు మాత్రం తగ్గించు. తిరిగొచ్చాక కథ మొత్తం తిరగరాయొద్దు, ముందు ఆ గ్రెయిన్ కార్ట్ నడిపే పది నిమిషాలు రాసి పంపు. సంక్రాంతి లోపు చూస్తాను.

ఆశీస్సులతో,
మీ పిన్ని లాంటి మనిషి