ఇంట్లో చేసే సబ్బులో నిమ్మరసం, బత్తాయి తొక్కల పొడి వాడొచ్చా?

తొక్కల పొడి వేయండి, నిమ్మరసం మాత్రం వద్దు. కాస్టిక్ సోడా అనే క్షారం నూనెతో కలిస్తేనే సబ్బు అవుతుంది. నిమ్మరసంలోని సిట్రిక్ ఆమ్లం ఆ సోడాను ముందే లాగేసుకుంటుంది. 1 గ్రాము ఆమ్లానికి సుమారు 0.62 గ్రాముల సోడా ఖర్చవుతుంది. అందుకే సబ్బు మెత్తగా, జిడ్డుగా మిగులుతుంది. విటమిన్ సి కూడా ఆ క్షారంలో నిలవదు.

హనుమకొండలో జ్యూస్ బండి దగ్గర అడిగితే బత్తాయి తొక్కలు ఊరికే ఇస్తారు. కడిగి, డాబా మీద మన ఏప్రిల్ ఎండలో ఆరేయండి. వంచితే పటుక్కున విరగాలి. వంగిందంటే లోపల తేమ ఉన్నట్టే, పొడి బూజు పడుతుంది. మిక్సీ పట్టాక పల్చటి గుడ్డలో తప్పకుండా జల్లించండి, గరుకు పొడి చర్మాన్ని గీరేస్తుంది. కిలో నూనెకు రెండు చెంచాలు చాలు, సబ్బు మిశ్రమం చిక్కబడ్డాక కలపండి.

ముఖానికి నిమ్మరసం నేరుగా రాయకండి, దాని పీహెచ్ 2 దగ్గర ఉంటుంది, అంటే బాగా ఆమ్లం. తొక్కను పిండి తీసిన నిమ్మనూనె రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కమిలి నల్లమచ్చలు పడొచ్చు. అందులోని ఫ్యూరానోకౌమరిన్లు అనే రసాయనాలే దీనికి కారణం. ఆవిరి పద్ధతిలో తీసిన నూనెలో అవి దాదాపు ఉండవు. కొనేముందు సీసా మీద ఏ పద్ధతో చూసుకోండి.